కడెం కుస్తీకి ముందు అంగీ ఎవరు పట్టాలి

నిజామాబాద్ వెళ్తున్నానంటే మా కాలేజీలో అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, "అక్కడేముంది?" అని. ఊటీ వెళ్తే ఎవరూ ఇలా అడగరు. "మా పిన్ని ఉంది" అని చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం చెబితే స్టాఫ్ రూములో టీ చల్లారేదాకా నవ్వేవాళ్లు. నేను వెళ్లింది పేకముక్కల గురించి ఆలోచించుకోవడానికి.

కాకినాడలో ఫిజిక్స్ చెప్పే పంతులమ్మను నేను. శనివారం సాయంత్రాలు మా సహోద్యోగి మూర్తి గారింట్లో అయిదుగురం పోకర్ ఆడతాం. మనిషికి వంద రూపాయలు, మధ్యలో వాళ్లావిడ పోసే పెసరట్లు. ఎనిమిది నెలలుగా మూడు వారాల్లో రెండు వారాలు నేనే గెలుస్తున్నాను. దాంతో కాళ్లు నేలమీద ఆనడం మానేశాయి. గోవాలో జూన్‌లో ఒక ఆట ఉంది, అందులో కూర్చోవడానికే పదివేలు. పేరు ఇస్తారా లేదా సోమవారంలోగా చెప్పమన్నాడు ఆ నిర్వాహకుడు.

ఇలాంటప్పుడు ఏం చేయాలో ఈ ఆట తెలిసినవాళ్లు ఏనాడో సూత్రం కట్టి పెట్టారు. పై టేబుల్లో ముప్ఫై ఆటలకు సరిపడా డబ్బు విడిగా ఉంటే ఎక్కు, అది ఇరవై ఆటలకు తగ్గితే మారు మాట్లాడకుండా కిందికి దిగు. ట్యూషన్ల డబ్బు నేను విడిగానే దాచుకున్నాను. సూత్రం ప్రకారం నాకు అర్హత ఉంది. అయినా కాలు కదలడం లేదు. నా "వెళ్లనా, వద్దా" వినీ వినీ మా ఆయన ఒకరోజు దుప్పటి ముసుగులోంచే, "ఎక్కడికైనా వెళ్లి తేల్చుకుని రా, తల్లీ" అన్నారు.

పసుపు ఘాటు

నిజామాబాద్‌లో నాకు మొదట ఎదురొచ్చింది ఊరు కాదు, తుమ్ము. మార్చి నెల, పసుపు మార్కెట్టుకు వచ్చే కాలం. కంఠేశ్వర్‌లో లాడ్జి గదిలో సంచి పడేసి, పాతిక రూపాయల అటుకుల ఉప్మా తిన్నాను. దాన్ని ఇక్కడ పోహా అంటారు, పైన సేవు, అంటే సన్న కారప్పూస, చల్లి నిమ్మచెక్క పెడతారు. మనం అటుకుల్ని పాయసంలో వేసి మురిసిపోతాం గాని, దాంతో కడుపు నింపుకోవచ్చన్న ధ్యాసే మనకు లేదు. అక్కడినుంచి ఆటోలో మార్కెట్ యార్డుకు వెళ్లాను. కొమ్ముల రాశులు నడుము ఎత్తున ఉన్నాయి. తెల్ల చీర కట్టుకుని వెళ్లడం నా తెలివి.

ఒక రాశి పక్కన రుమాలు తలకు చుట్టుకున్న రైతు చాయ్ తాగుతున్నాడు. పసుపెక్కిన నా చీర అంచు చూసి నవ్వి, "పెండ్లి బిడ్డ తీర్గ అయిండ్రు మేడం" అన్నాడు. ఇవాళ అమ్ముతున్నారా అని అడిగాను.

"రేటు సూస్తున్న. నడుస్తె అమ్ముత, లేకుంటె మళ్ల ఏస్కపోత."

"మళ్లీ బండి ఖర్చు దండగ కదా?"

"తొమ్మిది నెలలు భూమిల ఉన్నది. ఇంకో వారం సంచిల ఉంటె దానికేమైతది? నాకే నిద్ర రాదు గని." అంటూ నాకూ ఒక చాయ్ చెప్పాడు. పది రూపాయల చాయ్‌కి నన్ను చిల్లర తీయనివ్వలేదు. సాయంత్రం దాకా తిరిగి తిరిగి నేను అటుగా వచ్చేసరికి ఆ రాశి అక్కడే ఉంది, రైతు సంచులు కుడుతున్నాడు. తేల్చుకోలేనివాళ్లు లోకంలో ఇంకా ఉన్నారని నాకు కొంచెం ఊరట కలిగింది.

చక్కెర ఊళ్లో చక్కెర

బోధన్ అంటే చక్కెర అని చిన్నప్పటి నుంచి విన్నాను. వెళ్లి చూస్తే మూతపడ్డ ఫ్యాక్టరీ గొట్టం పొగ లేకుండా నిలబడి ఉంది, చుట్టూ ఎటు చూసినా వరి. "చెరకు ఏది?" అని అడిగితే బస్టాండు ముందు రసం బండివాడు, "గిదే ఉన్నది" అని తన చేతిలోని రెండు గడలు చూపించాడు. గ్లాసు ఇరవై రూపాయలు, అల్లం దండిగా వేస్తాడు.

బస్టాండు నుంచి పిన్ని ఉండే క్యాంపుకు ఆటో మాట్లాడుకోనక్కర్లేదు, పిన్నే పంపించింది. ఆటో నడిపేవాడి పేరు గంగారాం. ముప్ఫై ఆరేళ్లుంటాయి. మెడ లేదు, తల నేరుగా భుజాల మీదే కూర్చుంది. రెండు చెవులూ నలిగి ముడుచుకుపోయి ఉన్నాయి. చెవులకేమైందని అడగడం మర్యాద కాదని తెలిసి కూడా అడిగాను.

"కుస్తీల మేడం. గోదాల రాసుకపోయి రాసుకపోయి గట్లయినయి" అన్నాడు, ఎవరో తన కొత్త చొక్కా బాగుందన్నంత సంతోషంగా.

క్యాంపులో చింతపిక్కలు

కాలువ నీళ్ల కోసం గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల ఊళ్లను ఇక్కడ క్యాంపులంటారు. గుడారాలు ఎప్పుడో పోయి మేడలు లేచినా పేరు మాత్రం మారలేదు. మా అమ్మకు పినతల్లి కూతురు సుబ్బలక్ష్మి పిన్ని పదహారేళ్లప్పుడు కోడలిగా ఇక్కడికి వచ్చింది, ఇప్పుడు డెబ్భై దాటాయి. ఆవిడ మాట సగం గోదావరి, సగం మంజీర. "రామ్మా వసుంధరా, మస్తు చిక్కిపోయావే" అంది. నేను చిక్కలేదు, కాని ఆ మాట వింటే ఎవరికి చేదు.

మధ్యాహ్నం సొరకాయ పప్పు తిన్నాక పిన్ని ఒక డబ్బా నిండా చింతపిక్కలు, ఒక పాత పేకకట్ట తెచ్చింది. ఆవిడకు తెలిసింది రమ్మీ. నేను పోకర్ నేర్పాను. గంటలో నా పిక్కలు సగం ఆవిడ ముందున్నాయి, రెండు గంటలకు నా ముందు పదకొండు మిగిలాయి. ఆవిడ చేతిలో ఏమీ లేకుండానే మూడుసార్లు నన్ను బెదరగొట్టి ముక్కలు పడేయించింది. మొహంలో భావం దాచడం నేను ఎనిమిది నెలలు సాధన చేశాను. డెబ్భై ఏళ్ల ముసలావిడ, నోట్లో వక్కపొడి, నా మొహాన్ని దినపత్రిక చదివినట్టు చదివేసింది.

నాకు నిజంగానే కోపం వచ్చింది. పిన్ని సాయంత్రం వేసిన బజ్జీలు ఆకలి లేదని పక్కన పెట్టాను. పిన్ని ఊరుకోలేదు.

"చింతపిక్కలకే తిండి మానేశావు. పదివేలకు ఏం మానేస్తావే?"

సంగతంతా చెప్పాను. ఎనిమిది నెలలు, సూత్రం, సోమవారం. ఆవిడ విని, "మీ బాబాయి వాళ్ల నాన్న అక్కడ రెండెకరాలు అమ్మేసి ఇక్కడ పన్నెండెకరాల బీడు కొన్నాడు. పాములు, మలేరియా. ఏడాదికల్లా వెనక్కి పోదామని మా అత్త ఏడ్చిందట. పోవడానికి అక్కడ గజం నేల ఉంటేగా?" అంది. తర్వాత బజ్జీల పళ్లెం మళ్లీ నా ముందుకు తోసింది. ఈసారి తిన్నాను.

రెంజల్ దారిలో

మూడోరోజు ఆదివారం. రెంజల్ దాటాక ఒక ఊళ్లో జాతర, అక్కడ కుస్తీలు, గంగారాం పడుతున్నాడు. "చూసి రావే, ఇలాంటివి మన వైపు లేవు" అని పిన్ని నన్ను అతని ఆటోలో ఎక్కించింది. వెనక సీట్లో నా పక్కన అతని భార్య లక్ష్మి, ఒళ్లో రొట్టెల మూట. పదేళ్ల కూతుర్ని అమ్మమ్మ దగ్గర వదిలి వచ్చారు.

కుస్తీల వరస దారిలో గంగారామే చెప్పాడు. "కొబ్బరికాయ కాడ మొదలైతది మేడం. శిన్నోళ్లకు కొబ్బరికాయ. ఆ మీద వంద, రెండొందలు, ఐదొందలు. ఆఖరి జోడి కడెంకు. ఐదు తులాల ఎండి కడెం, శేతికి ఏస్కునేది."

"నువ్వు ఎక్కడున్నావు?"

"ఐదొందల కాడ. ఆరేండ్ల సంది."

"పదిసార్లు పడితే ఎన్ని గెలుస్తావు?"

"ఏడు."

నా లోపలి పంతులమ్మ లేచి నిలబడింది. పదికి ఏడు గెలిచేవాడు ఆరేళ్లుగా అదే మెట్టు మీద కూర్చోవడమేమిటి? పోకర్ సూత్రం మొత్తం విడమర్చి చెప్పాను. అతను అద్దంలోంచి నన్ను చూస్తూ శ్రద్ధగా విన్నాడు. చివరికి, "కడెంకు పట్టి చూడు. రెండు మూడుసార్లు ఓడావనుకో, మళ్లీ ఐదొందలకు వచ్చెయ్. అందులో సిగ్గేముంది?" అన్నాను.

గంగారాం గేరు మార్చి, అద్దంలోంచి చూపు రోడ్డు మీదికి తిప్పాడు.

"గట్ల రానియ్యరు మేడం" అన్నాడు గంగారాం. "కడెంకు శెయ్యెత్తినోనికి మళ్ల కింది జోడి ఏ ఊర్లె ఇయ్యరు. పెద్దది కావాలన్నోడు శిన్నోళ్ల ముద్దల శెయ్యి పెట్టద్దు."

"ఎక్కడైనా రాసుందా అలా?"

"రాసి ఉంటె సింపేద్దుము. అందరి నోట్ల ఉన్నది."

నా సూత్రంలో సగం బలం కిందికి దిగొచ్చే మెట్లలోనే ఉంది. ఇక్కడ ఆ మెట్లే లేవు. అప్పటిదాకా బయటికి చూస్తున్న లక్ష్మి నా వైపు తిరిగి, గొంతు తగ్గించి చెప్పింది. "సీజన్‌ల పది ఊర్లు తిరుగుతడు అక్క. ఆ ఐదొందలు జమ చేసే పిల్ల ఫీజు కడుతున్నం. కడెం అంటె ఎండి ముడుతదో, నడుము ఇరుగుతదో. రోజు అడుగుతడు నన్ను, పోదునా పోదునా అని."

గోదా

మహారాష్ట్ర సరిహద్దు పక్కనే కాబట్టి జాతరలో తెలుగు ఎంత వినపడిందో మరాఠీ అంత వినపడింది. మిర్చి బజ్జీలు పదికి మూడు, జిలేబీ పావుకిలో యాభై. మా వైపు బజ్జీ మిరపకాయలో వాము పెడతాం, ఇక్కడ ఏమీ పెట్టరు, కారం ఎవరి ఖర్మకు వాళ్లే భరించాలి. నేను రెండు తిని ఒక సీసా నీళ్లు తాగాను.

గోదా అంటే ఎర్రమన్ను దున్ని మెత్తగా చేసిన చదరం. మగవాళ్లు చుట్టూ నేల మీద, ఆడవాళ్లు ట్రాక్టర్ ట్రాలీల మీద కూర్చున్నారు. ధోవతి కట్టిన ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని జోడీలు కలుపుతున్నాడు. మొదట కొబ్బరికాయలు. గెలిచినవాడు దాన్ని రెండు చేతులా ఎత్తి చూపిస్తుంటే ట్రాలీల మీదినుంచి పేరు పెట్టి పిలుస్తారు. ఓడినవాడి వీపున మన్ను దులపడం గెలిచినవాడి పని. అది నాకు ఎంతగానో నచ్చింది. మూర్తి గారు ఓడిన రోజున నేనేం చేశానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. పెసరట్టు తిన్నాను.

ఐదొందల జోడీలు మొదలయ్యాయి. పెద్దమనిషి పిలుస్తున్నాడు, ఒకరూ ఇద్దరూ లేస్తున్నారు. గంగారాం మోకాళ్లు చుట్టుకుని కూర్చునే ఉన్నాడు.

"లేస్తలేడు" అంది లక్ష్మి. నాకు చెప్పడం కాదు, తనలో తనే అనుకుంది. రొట్టెల మూట ముడి విప్పి మళ్లీ వేసింది.

ఐదొందలవి అయిపోయాయి. కడెంకు నాందేడ్ దిక్కు నుంచి వచ్చిన పైల్వాన్ గోదాలోకి దిగి, తొడ చరిచి ఒక చుట్టు తిరిగాడు. ఆరడుగుల మనిషి. ఎదురు నిలిచేదెవరని మైకులో రెండుసార్లు పిలిచారు. మూడోసారి పిలవబోతుండగా గంగారాం చెయ్యెత్తాడు.

పొద్దుటి నుంచి మోగుతున్న డప్పులు ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో నాకు అర్థం కాలేదు. గంగారాం అంగీ విప్పి, జనంలోంచి నడుచుకుంటూ మా ట్రాలీ దగ్గరికి వచ్చి, ఆ అంగీని పైకి చాచి పట్టుకున్నాడు. లక్ష్మి కదలలేదు. రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుని, మొహం పక్కకు తిప్పుకుంది. అంగీ మా ఇద్దరి మధ్య గాలిలో అలాగే ఉంది. అందరూ చూస్తున్నారు.

ఇరవై రెండేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఎవరైనా ఏదైనా చాచి పట్టుకుంటే అందుకోవడం నా చేతులకు అలవాటు, జవాబు పత్రమైనా, రికార్డు పుస్తకమైనా. అందుకున్నాను.

ఒక్కసారిగా డప్పులు మోగాయి. గంగారాం నా వంక ఒక్క క్షణం చూశాడు. నాకేమీ తెలియదని అతనికి తెలుసు. వెనక్కి ఇమ్మని మాత్రం అడగలేదు.

"ఏం పని జేస్తివి బిడ్డా" అంది నా వెనక కూర్చున్న ముసలవ్వ. అప్పుడు చెప్పింది. కడెంకు దిగేవాడు అంగీ తెచ్చి ఇంటి మనిషికి ఇవ్వాలట. పడుతున్నది వాడొక్కడే కాదు, దెబ్బ తగిలితే చూసుకోవలసింది, రేపు వండి పెట్టవలసింది ఇంటివాళ్లు కాబట్టి. వాళ్లతో వచ్చినవాళ్లు ఎవరు పట్టుకున్నా ఇల్లు ఒప్పుకున్నట్టే. పట్టుకోకపోతే వాడు అంగీ తొడుక్కుని వెనక్కి వచ్చి కూర్చుంటాడు, ఎత్తిన చెయ్యి కూడా లెక్కలోకి రాదు, ఎవరూ ఒక్క మాట అనరు. ఈ వైపు దిగొచ్చే మెట్టు అదొక్కటే ఉంది. దాన్ని నేను చేత్తో తీసి పక్కన పెట్టాను.

అంగీ చెమట వాసన, పెట్రోలు వాసన వేస్తోంది. లక్ష్మి చేతిలో పెట్టబోయాను. ఆమె తీసుకోలేదు. "మీరు పట్టిండ్రు. ఇగ మీ శేతులనే ఉండనియ్యండ్రి" అంది.

పది నిమిషాలపైనే సాగింది. నాకు కుస్తీ తెలియదు గాని భయం తెలుసు. ప్రతి పట్టుకీ నా చేతుల్లో అంగీ ఇంకాస్త నలిగింది. ఒకసారి గంగారాం ఆ కొండలాంటి మనిషిని మోకాళ్ల మీదికి తెచ్చాడు, ట్రాలీలన్నీ లేచి నిలబడ్డాయి, లక్ష్మి కూడా లేచింది. ఆ తర్వాత ఏమైందో చూసేలోపే గంగారాం వీపు మన్నులో ఉంది. నాందేడ్ పైల్వాన్ అతన్ని లేపి, వీపు దులిపి, కౌగిలించుకున్నాడు. గంగారాం ఎడమ భుజం పట్టుకుని మా వైపు నడిచి వచ్చాడు. నేను అంగీ ఇచ్చాను. నాకు ఏడుపొచ్చింది.

జొన్నరొట్టె

తిరుగు దారిలో గంగారాం ఒంటి చేత్తో ఆటో నడిపాడు. పొద్దు గూకకముందే వాళ్లింటికి చేరాం. నేను పిన్ని దగ్గరికి వెళ్లిపోతానన్నా లక్ష్మి వినలేదు. "ఇంటి దాక అచ్చినోళ్లు తినకుంట పోతరా" అని పొయ్యి రాజేసింది. జొన్నరొట్టె చేత్తో తట్టి పెనం మీద వేస్తుంది, కర్ర వాడదు. వెల్లుల్లి కారం, పచ్చిపులుసు. మనం చారు కాచి కాచి చంపుతాం, వీళ్లు పొయ్యి మీద పెట్టకుండానే చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి పిసికి ఊరుకుంటారు. ఆ పూట నాకు ఏ రుచీ సరిగా తెలియలేదు.

భుజానికి పసుపు పట్టు వేసుకుని గంగారాం వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు. నేను లక్ష్మి పక్కన పీట వేసుకుని, "తెలియక పట్టుకున్నానమ్మా. నన్ను క్షమించు" అన్నాను. ఆ ఫీజు నేను కడతానని కూడా అనబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాను.

రొట్టె తిప్పి, కాలేదాకా ఆగి, అప్పుడు మాట్లాడింది. "కోపమచ్చింది అక్క. రాదా మరి? నేను పట్టాల్సింది మీరు పట్టిండ్రు." ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుంది. "గని ఆరేండ్ల సంది అడుగుడే, పోదునా, పోదునా. పొమ్మంటె నడుము ఇరిగితె నేనే అనిపించుకోవాలె. వద్దంటె ఆయన మొకం సూడలేకపోదును. ఇయ్యాల్టి సంది అడుగడు. బీడీలు వారానికి ఇంకో వెయ్యి ఎక్కువ చుడుత, ఫీజు ఎల్లుతది."

మా ఆయన దుప్పటి ముసుగు గుర్తొచ్చి నేను తల వంచుకుని రొట్టె తిన్నాను.

సోమవారం

పొద్దున నన్ను నిజామాబాద్ స్టేషన్‌లో దింపింది గంగారామే, వద్దంటే వినలేదు. భుజం వాచింది గాని మనిషి హుషారుగా ఉన్నాడు. ఇకముందు ఏం చేస్తావని అడిగాను.

"వచ్చే జాతరకు గూడ కడెంకే. ఇంకేం జాగ ఉన్నది నాకు? ఓడుడు అలవాటు చేస్కోవాలె. ఐదొందల కాడ అది మర్సిపోయిన." కిరాయి తీసుకుని, చిల్లర లెక్కపెట్టి ఇస్తూ అన్నాడు. "ఒకటడుగుదునా మేడం? మీ ఆటల ఓడితె కిందికి దిగొచ్చు, ఎవ్వలేమనరు అంటిరి. మరి మీకు భయమేంది?"

రైలు కదలకముందే గోవా నిర్వాహకుడికి పేరు పంపించాను.

జూన్‌లో వెళ్లాను. రెండు రోజులు ఆడాను, రెండు రోజులూ ఓడాను. గెలిచినవాళ్లెవరూ నా వీపు దులపలేదు. ఆ వచ్చిన శనివారం మూర్తి గారింట్లో నా కుర్చీ నాకే ఉంది. వంద రూపాయలు పెట్టి కూర్చుంటే ఎవరూ కాదనలేదు. పెసరట్టు తింటున్నంతసేపూ గంగారాంకు పది ఊళ్లలో ఎక్కడా దొరకని చోటు నాకు ఇంత సులువుగా ఎలా దొరికిందా అనుకుంటూనే ఉన్నాను, కొంచెం సిగ్గు కూడా వేసింది.

దసరా తర్వాత లక్ష్మి ఫోన్ చేసింది. ఈమధ్య అంగీ ఎవరో చుట్టం పట్టగా ఇంకో రెండు ఊళ్లలో కడెం కుస్తీ ఓడాడని పిన్ని అప్పటికే చెప్పి ఉంది. ఆ రోజు చందూర్ దగ్గర ఏదో ఊళ్లో కుస్తీలట, వెనక డప్పులు, ఎవరో మైకులో అరుపులు, ఆమె మాట సగమే వినపడుతోంది.

"అక్క, ఇయ్యాల అంగీ నేను పట్టిన" అంది.

"మంచి పని చేశావమ్మా" అన్నాను. ఆమె డప్పులకు దూరంగా జరిగాక ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, వాళ్ల పిల్ల చదువు గురించి, మా ఆయన మోకాలి నొప్పి గురించి. ఫోన్ పెట్టేశాక మా ఆయన గంగారాం గెలిచాడా అని అడిగారు. అది అడగాలని నాకు తోచనే లేదు.